పావుసేరు కప్పు

రిచర్డ్ మాస్టారి మీద ఆయన భార్య ఆలిస్‌కు ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు అన్నీ తెలుసు. పగలంతా బడిలో సైన్సు చెప్పి వచ్చిన మనిషి, వంటింట్లోనైనా కాస్త విశ్రాంతి తీసుకోడు.

పోలీసు చర్య జరిగిన ఏడాది, డిసెంబరులో ఒక ఉదయం. క్రిస్మస్ కేకుకు పిండి కలిపి, రెజిమెంటల్ బజార్‌లో పక్కింటి ఇమాం వలి కొత్తగా పెట్టిన రొట్టెల భట్టీకి పంపుదామని ఆలిస్ అనుకుంది. ఇమాం వలి నిజాం ఫౌజులో వంటవాడు. ఇప్పుడు ఆ ఫౌజే లేదు. చర్చి సంఘంవాళ్ల కేకులన్నీ తన దగ్గర కాలితే భట్టీ నిలుస్తుంది. లేకుంటే పెళ్లాంబిడ్డలతో ఊరు విడవాలి.

"ఇంటికో సైజు కప్పు. ఇదీ ఒక కొలతేనా?" అంటూ మాస్టారు తక్కెడ తెచ్చి, కప్పు నిండా నీళ్లు పోసి తూచాడు. కప్పు బరువు పోగా పావుసేరు వచ్చింది. "ఇక నుంచి కప్పంటే పావుసేరు. చక్కెరైనా, మైదా అయినా."

"నీళ్లూ మైదా ఒకటేనాండీ?"

"కప్పు ఒకటే కదా!"

ఆదివారం ఆరాధన కాగానే ఆయన ఆ సంగతి సంఘమంతటికీ ప్రకటించాడు. చదువుకున్నవాడు చెప్పాడు కనుక అందరూ రాసుకున్నారు.

ఆ శనివారం భట్టీలోంచి వచ్చిన కేకులు గంభీరంగా ఉన్నాయి. సంఘపెద్ద జీవరాజుగారు తన కేకును బల్ల మీద తట్టి చూశారు. బల్లకు సొట్ట పడింది. సువార్తమ్మ రేషను మైదాను తలచుకుని కళ్లొత్తుకుంది.

"మంట జెర ఎక్కువైందేమో మాస్టర్ సాబ్," అని ఇమాం వలి ఆ పూటే భట్టీ మూతి పగలగొట్టి మళ్లీ కట్టాడు. అది చూసి, భట్టీ బాగాలేదని అందరికీ రూఢి అయింది.

ఆలిస్ కేకు ఒక్కటే దూదిలా వచ్చింది. మాస్టారు దానికీ కారణం చెప్పాడు. "మనది మూతి దగ్గర పెట్టాడు. లోపల వేడి సమంగా లేదు. భట్టీ లోపమే."

"మనది అన్నిటికంటే లోపల పెట్టాడండీ."

"మరి?"

"నేను తూచలేదు."

ఆలిస్ అదే కప్పు నిండా మైదా పోసి తక్కెడలో పెట్టింది, అవతల ఖాళీ కప్పు బరువుకు తోడు పావుసేరు రాయి వేసింది. రాయి కిందికి దిగింది. కప్పు పైకి లేచి, ఆయన ముక్కు దాకా వచ్చి ఆగింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"అడిగాను కదండీ. కప్పు ఒకటే అన్నారు. మీరు చెప్తే ఊరంతా వింటుందని నాకేం తెలుసు? ఇంట్లో ఎవరూ వినరాయె. పాపం, ఆ ఇమాం వలి సామాను సర్దుకుంటున్నాడు."

మరునాడు ఆరాధన కాగానే జీవరాజుగారు లేచారు. "పండగకు మళ్లీ చేసే కేకులు వేరే భట్టీకి ఇద్దామనుకుంటున్నాం." ఖాళీ కేకు డబ్బాలు తిరిగివ్వడానికి వచ్చిన ఇమాం వలి గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడ్డాడు.

మాస్టారు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"భట్టీ మంచిదే. మైదా నీళ్లకంటే తేలిక. మీ చేత దాదాపు రెట్టింపు మైదా పోయించాను. మా ఇంట్లో మిగిలిన మైదా పంచుకోండి, మీ మీ కప్పులతోనే కొలుచుకుని ఇమాం వలికే ఇవ్వండి."

"అయితే తప్పెవరిదంటారు?" అన్నారు జీవరాజుగారు, బాగా అర్థమయ్యాక కూడా.

"నాదేనండీ. తప్పు నాది."

వెనక వరుసలోంచి ఎవరో అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు.