కత్తెర వేయడానికి ఒక చోటు

ఆ మంగళవారం ఉదయం సాబేరా వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు నిద్ర లేచేలోపు, ఆమె మక్కాలో ఉమ్రా యాత్రకు వేసుకోవలసిన తెల్లబట్టను కత్తిరించి ముగించాలి. గుడ్డ ఉంది, కత్తెర ఉంది, కొలతలున్నాయి. నడుము వంచకుండా గుడ్డను పరుచుకోవడానికి ఒక చోటు మాత్రం ఇంట్లో లేదు. మధ్యాహ్నానికల్లా, సౌదీలో కువైట్ సరిహద్దు ఊరైన ఖఫ్జీలోని రాయలసీమవాళ్ళలో సగంమంది పనులు మానుకుని ఆ ఇంటి మెట్లెక్కడానికి మూలకారణం ఈ లోటే.

అత్తగారు మహబూబ్బీ ప్రొద్దుటూరులో ఒక తరం ఆడవాళ్ళకు రవికలు కుట్టిన మనిషి. కొడుకు పిలిపించగా విజిట్ వీసా మీద వస్తూ, ఉమ్రా కోసమని ప్రొద్దుటూరు అంగడిలో తానే ఏరుకున్న తెల్లగుడ్డను పురుగు పట్టకుండా కర్పూరం బిళ్ళలు వేసి మడిచి తెచ్చుకుంది. అందులో సగం గుడ్డను సాబేరా కిందటి వారం మంచం మీద పరిచి కత్తిరించింది. పరుపు కుంగింది, పరుపు కుంగడం వల్ల గుడ్డ జారింది, గుడ్డ జారడం వల్ల మెడ వంకర పోయింది. కత్తెర అక్కడితో ఆగక కింది దుప్పటిని కూడా కోసింది. మహబూబ్బీ ఆ మెడను వెలుతురుకు పట్టి చూసి, "బాగుందిలేమ్మా. నేనే మెడ పక్కకు తిప్పుకోని నమాజు చేస్తా" అంది.

మిగిలింది ఇంకో సగం గుడ్డ. గురువారం సాయంత్రం మక్కాకు బస్సు. ఇదీ పాడయితే అత్తగారు అంగడిలో కుట్టినది కొనుక్కుపోతుంది. సాబేరాను కలవరపెట్టింది ఆ కొనుగోలు కాదు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి తన చేతిపనిని అత్తగారు మెచ్చుకోగా ఆమె వినలేదు. మెచ్చుకున్నట్టే మొదలైన వాక్యాలు కూడా చివరికి పక్కకు తిరిగేవి. ఒక్కసారి వినాలని ఆమె ఆశ.

ఉదయం డ్యూటీకి బయలుదేరుతున్న భర్త జిలానీ శక్తికొద్దీ సలహాలిచ్చాడు.

"కింద పరుచుకోరాదా?"

"కింద మోకెట్ తివాచీ ఉండాది. గుడ్డతో బాటు దాని బొచ్చు గూడా కత్తెరలోకి వస్తాది. నా మోకాళ్ళ సంగతి నీకెందుకులే."

"వంటింట్లో బండ మీద?"

"బండ పొడుగెంత, గుడ్డ పొడుగెంత? పైగా తడి."

"అట్లయితే మిద్దె మీదికి పో."

"ఆ గాలికి గుడ్డ కువైట్‌కు పోతాది. వీసా నువ్వు తీపిస్తావా?"

జిలానీ చెప్పులేసుకుంటూ కాస్త ఆలోచించి, కింది వాటాలోని బాబావలి ఇంట్లో పాత తలుపు చెక్క ఒకటి గోడకానించి ఉందనీ, దాన్ని నీళ్ళ డబ్బాల అట్టపెట్టెల మీద పెడితే నడుమెత్తు బల్ల అవుతుందనీ చెప్పాడు. పెళ్ళయిన తర్వాత అతడిచ్చిన సలహాలలో పనికివచ్చినది ఇదేనని సాబేరా మనసులో ఒప్పుకుంది, పైకి అనలేదు. ఆ ఇంట్లో మెచ్చుకోలు అందరి దగ్గరా పొదుపే.

ఆమె బాబావలికి ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పితో రాత్రంతా నిద్రలేని మహబూబ్బీ, తెల్లవారి ఫజర్ నమాజు తర్వాత మాత్ర వేసుకుని అప్పుడే పడుకుంది. అందువల్ల సాబేరా గొంతు తగ్గించి, "అన్నా, మీ ఇంట్లో తలుపు చెక్క ఉండాది గదా, ఒకసారి పైకి తెచ్చిస్తారా? అర్జెంటుగా కావాల" అని మాత్రం అంది. ఎందుకో చెప్పకపోవడం ఆమె పొరపాటు; ఎందుకని అడగకపోవడం బాబావలి మర్యాద. తర్వాతి అనర్థమంతా ఈ రెండింటి సంతానం.

బాబావలి డ్రైవరు, నిదానస్తుడు, మెత్తని మనసు కలవాడు. తలుపును భుజాన మోసుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కడ్డీకి వేలాడుతూ కొత్త తెల్లగుడ్డ. కుట్టిన తర్వాత కురచ కాకుండా సాబేరా తెల్లవారుజామునే దాన్ని నీళ్ళలో ముంచి ఆరవేసింది. ఆ నీళ్ళ బకెట్లు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఇల్లంతా కర్పూరం వాసన. రెండు రోజులుగా వీస్తున్న దుమ్ముగాలికి సాబేరా కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. సగం తెరిచిన పడకగదిలో, ఏసీ చలికి ఓర్చుకోలేని మహబూబ్బీ తలనుంచి పాదాల దాకా దుప్పటి కప్పుకుని వెల్లకిలా కదలక పడుకుని ఉంది.

విడివిడిగా వీటిలో ఏదీ ఏమీ చెప్పదు. అన్నీ ఒకచోట చేరి, పైగా మనిషి పొడవు చెక్క అర్జెంటుగా కావలసివచ్చిందంటే, ముసల్మాను ఇంట పుట్టినవాడికి తోచే అర్థం ఒక్కటే. పోయినవాళ్ళకు చెక్క మీద స్నానం చేయించాలి, నీళ్ళలో కర్పూరం కలపాలి, తెల్లగుడ్డ కత్తిరించి కఫన్ కట్టాలి. బాబావలి తలుపును గాజుపలకలా మెల్లగా దించాడు.

"జిలానీకి తెలుసునా మ్మా?"

"తెలుసన్నా. చెక్క మీ దగ్గరుండాదని చెప్పిందే ఆయన. చెప్పి డ్యూటీకి పోయినాడు."

కన్నతల్లి ఇట్లా ఉండగా డ్యూటీకి పోయాడంటే పనిలో పెట్టుకున్న కఫీల్ ఎంత కర్కోటకుడో అనుకుని బాబావలి కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వొక్కదానివే ఎట్లా చేస్తావు తల్లీ?"

"నేనే చేయాలన్నా. ఇంకెవురి చేతికీ ఇయ్యను."

ఆయన అరచేత్తో మొహమంతా రుద్దుకుని, చెయ్యెత్తి సెలవు తీసుకున్నాడు. చెక్క మోయడంలో ఆయాసపడ్డాడు కాబోలనుకుని సాబేరా తలుపేసుకుంది.

మెట్లు దిగీ దిగకముందే బాబావలి అబ్దుల్ ఘనీకి ఫోన్ చేశాడు. ఘనీకి బజారులో మొబైల్ అంగడి ఉంది. అయితే ఊళ్ళో మనవాళ్ళెవరైనా కన్నుమూస్తే ఆసుపత్రి, పోలీసు, ఎంబసీ వ్యవహారాలన్నీ తలకెత్తుకునేది ఆయనే.

"విజిట్ వీసానా? కష్టం. పాస్‌పోర్టు ఎవురి కాడుంది?"

"ఎట్లా అడిగేదన్నా? ఆ పిల్ల ఒక్కతే కఫన్ కోసేదానికి కూర్చుంటాండాది."

"ఒక్కతేనా? మనమంతా చచ్చినామా? ఖాలిదాను పంపిస్తా, ఉండు."

జిలానీ పనిచేసే ఆయిల్ ఫీల్డులో ఫోన్లు గేటు దగ్గరే తీసిపెట్టుకుంటారు. కాబట్టి ఆ ఇంటి బయట నిజం తెలిసిన ఏకైక వ్యక్తిని ఎవరూ అడగలేకపోయారు. సూపర్‌వైజరు ద్వారా జిలానీకి చావు కబురు పంపి, ఘనీ ఫోన్‌లోని మనూరివాళ్ళ గ్రూపులో నాలుగు ముక్కలు పెట్టాడు. ఆ వీధిలో పొయ్యి మీద ఉన్న ప్రతి గిన్నె అప్పుడే సాబేరా ఇంటి గిన్నె అయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు గనుక ఇరుగుపొరుగే అన్నం మోసుకుపోవాలి.

ఇక్కడ సాబేరా చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉంది. చెక్క సరిగ్గా నడుమెత్తున అమరింది. ఇస్త్రీ చేసిన గుడ్డ ముడత లేకుండా పరుచుకుంది. సుద్దతో మెడ గీసి, రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని, కత్తెర చేతికి తీసుకుంది. బెల్లు మోగింది.

వచ్చింది మూడో అంతస్తు ఖాలిదా. నంద్యాల మనిషి, ఊళ్ళో ఆడవాళ్ళెవరు పోయినా కఫన్ కత్తిరించే చెయ్యి ఆమెది. వెనక గిన్నెలతో హాలు నిండేటంతమంది ఆడవాళ్ళు. ఖాలిదా సాబేరాను కావలించుకుంది.

"ఎట్లుండావు మ్మా?"

"బాగుండా అక్కా. ఇప్పుడు నడుము నొప్పి గూడా లేదు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దుఃఖం తలకెక్కిందని నిశ్చయమైంది. ఖాలిదా ఆమె చేతిలోని కత్తెర మీద చెయ్యి వేసింది. "ఇట్లియ్యి. నేను కోస్తా."

"మీరెందుకు?"

"నీ చెయ్యి వణుకుతాదిమ్మా. ఇది నువ్వు చేసే పని గాదు."

సాబేరాకు ఒళ్ళు మండింది. కోడలి చేతి మీద నమ్మకంలేక అత్తగారే రహస్యంగా ఖాలిదాను ఏర్పాటు చేసుకుందని ఆమెకు తోచింది. "అత్తమ్మ చెప్పినాదా మీతో?"

"ఆమె ఎట్లా చెప్తాది తల్లీ!" అంటూ ఖాలిదా వెక్కింది.

దాస్తున్నదని సాబేరా రూఢి చేసుకుంది. "మొన్న ఒకసారి మెడ వంకర పోయినాది, ఒప్పుకుంటా. అంతమాత్రానికి ఊరంతా వచ్చేయాల్నా? ఈసారి నూలు పోగంత వంకర పోనియ్యను!"

"చూడండమ్మా, అత్తకు మెడకాడ వంకర గూడా రాకూడదంట!" అని వెనకనుంచి ఎవరో ఏడ్చారు. అంతటితో హాలంతా ఏడుపు అందుకుంది.

"వదులు కత్తెర!"

"నువ్వు వదులక్కా! మా అత్తది నేనే కోస్తా! కోసినాంక ఆమె ఏమన్నా అనుకోనీ!"

ఆమె కత్తెర లాక్కుని, కోపంతో, సుద్దగీత మీద ఒక్క విసురున మెడ కోసింది. ఈసారి చెక్క కుంగలేదు, గుడ్డ జారలేదు. తెల్లటి గుండ్రని ముక్క కింద పడింది.

ఖాలిదా వంగి ఆ మెడను చూసింది. ఎందరికో కత్తిరించిన ఆడది. పనితనం చూస్తే గుర్తుపడుతుంది. ఆమె అక్కడే మోకెట్ మీద చతికిలబడింది. "మీ అత్త చెప్పింది నిజమే మ్మా."

"ఏం చెప్పినాది?" సాబేరా గొంతు యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"సాయంత్రం మెట్ల కాడ కూర్చున్నామంటే నీ మాటే గదా ఆమెకు. 'నేను ఇంతమందికి నేర్పిస్తి, నా కూతుండ్లకు గూడా రాలే ఆ చెయ్యి. నా కోడలి కాడ ఉండాది' అనేది."

"నాతో గూడా అన్నాది," అంది ఇంకొకామె ముక్కు చీదుకుంటూ. "'మొహాన చెప్తే నెత్తికెక్కుతాది, అందుకే చెప్పను' అనేది పాపం."

సాబేరా కత్తెర పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. "మా అత్తమ్మా? నన్నా?" అని మాత్రం అనగలిగింది. దుమ్ముకు ఎరుపెక్కిన కళ్ళలో ఈసారి నిజంగానే నీళ్ళు తిరిగాయి. అది చూసి మిగిలినవాళ్ళు రెట్టింపు ఏడ్చారు.

సరిగ్గా అప్పుడే పడకగది తలుపు పూర్తిగా తెరుచుకుంది. మహబూబ్బీ దుప్పటి భుజాల మీద కప్పుకుని, కుంటుకుంటూ వచ్చి నిలబడింది. ఏడ్చేవాళ్ళ దగ్గర ముందు ఏడ్చి తర్వాత కారణం అడగడం పద్ధతి తెలిసిన మనిషి గనుక, ఆమె దుప్పటి కొంగుతో కళ్ళొత్తుకుని ఖాలిదా పక్కన కూర్చుంది.

"అల్లా, ఎంత పని జరిగిపాయె! ఎవురమ్మా పోయింది?"

ఒకామె బిర్యానీ గిన్నెతో సహా వంటింట్లోకి పరుగెత్తింది.

"చెప్పండే! మనూరోళ్ళేనా?"

ఖాలిదా పెదవులు తడుపుకుంది. "నువ్వే పిన్నమ్మా."

మహబూబ్బీ కాసేపు ఆలోచించింది. "నేనా? ఎప్పుడు?"

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడంలో చెక్క, బకెట్లు, కర్పూరం, బాబావలి, ఘనీ వరుసగా బయటికొచ్చారు. కింద కంపెనీ వ్యాను ఆగిన చప్పుడైంది. జిలానీ ఏడుస్తూ మెట్లెక్కి వచ్చి, కూర్చుని ఉన్న తల్లిని చూసి, ఏడుపు ఆపాలో పెంచాలో తెలియక ఆమె ఒళ్ళో తలపెట్టాడు. వెనకే ఘనీ ఆయాసపడుతూ, "పాస్‌పోర్టు యాడుంది?" అని అడుగుతూ వచ్చి, ఎదురుగా పాస్‌పోర్టు మనిషే కనిపించడంతో సలాం చేశాడు.

"బాబావలి యాడ?" అంది మహబూబ్బీ.

"మెట్ల కింద దాక్కున్నాడు పిన్నమ్మా. సిగ్గుగా ఉండాదంట."

"పైకి రమ్మను. అందరికంటే ముందు నా కోసం ఏడ్చిన మగోడు ఆయనే. బిర్యానీ చల్లారిపోతాది, అందరూ కూర్చోండి."

భోజనాలకు కింద సుఫ్రా గుడ్డ పరిచారు. తన చావు భోజనాన్ని మహబూబ్బీ రెండుసార్లు వడ్డించుకుని, ఉప్పు తక్కువైందని తేల్చింది. చేతులు కడుక్కుని వచ్చి చెక్క దగ్గర నిలబడింది. కోసిన మెడ చుట్టూ వేలితో తడిమింది. ఎక్కడా వేలు తగులుకోలేదు.

సాబేరా పక్కకు వచ్చి నిలబడింది. "అత్తమ్మా, మెట్ల కాడ నా గురించి ఏందో అన్నావంట?"

"ఎవురు, నేనా? నేనేమీ అనలే."

"అన్నావు పిన్నమ్మా!" అన్నారు హాల్లోని ఆడవాళ్ళంతా.

"అబద్ధం. ఏడుపులో మీకు తోచిందంతా కల్పించినారు." మహబూబ్బీ గుడ్డ అవతలి కొసను రెండు చేతులా బిగించి పట్టుకుంది. "అట్లా నిలబడినావేందే? నేను పట్టుకుంటా, ఆ చెయ్యి భాగం కొయ్యి. గురువారం బస్సుంది."

సాబేరా నవ్వు ఆపుకుంటూ కత్తెర తీసుకుంది. బస్సెక్కేదాకా మహబూబ్బీ ఆ మాట తాననలేదని కనిపించిన ప్రతివారితోనూ చెప్పింది. ఆమె పోయిందంటే ఒక్క ప్రశ్నయినా వేయకుండా నమ్మిన ఊరు, దీన్ని మాత్రం నమ్మలేదు.