పన్నెండో గడి

సోమవారం పొద్దున సారంగపాణి పెట్టుకున్న పని చిన్నదే. చండ్రుగొండ నెట్ సెంటరుకు పోయి, గ్రాంటు దరఖాస్తు పంపి, టిఫిన్ వేళకు ఇల్లు చేరాలి. ఉపాధి శిక్షణ ఇచ్చేవాళ్లకు ప్రభుత్వం కుట్టుమిషన్లు ఇస్తోంది. ఆయన భార్య సారక్క ఇరవై రెండేళ్లుగా ఇంటి వసారాలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది. ఉన్నవి రెండు మిషన్లు, నేర్చుకునేవాళ్లు పదకొండు మంది. అడవి పల్లె నుంచి వచ్చే ముత్తక్కకు వంతు దొరికేలోపే తిరుగు ఆటో వచ్చేస్తుంది. ఆ పిల్ల మిషను ముట్టకుండా వెళ్లిపోతే సారక్కకు ఆ పూట అన్నం సహించదు.

దరఖాస్తు మొదటి గడిలోనే ఆగింది. శిక్షకురాలికి సర్టిఫికెట్ ఉండాలట. సారక్కకు పనితనం ఉంది గాని కాగితం లేదు. ఆమె దగ్గరే కుట్టు నేర్చుకుని, తర్వాత ఖమ్మంలో కోర్సు చేసిన నవతకు ఉంది. సరే, శిక్షకురాలు నవత అని రాశాడు. శిక్షణ పొందేవారి గళ్లు మాత్రం పన్నెండు ఉన్నాయి. సారంగపాణి ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో హాజరు రాసిన మనిషి. గడి ఖాళీగా వదిలితే ఆయనకు నిద్ర పట్టదు. పన్నెండో గడిలో సారక్క పేరు రాసి, చేరి పది రోజులైందని పెట్టి, పంపేశాడు.

ఇంటికొచ్చి చెబితే సారక్క, "అయితే నాకు నవత నేర్పుతదా?" అని అడిగింది. అంతా కాగితం మీదే, ఎవరొచ్చి చూస్తారు అన్నాడు సారంగపాణి.

గురువారం ఆఫీసరు జయప్రకాశ్ వచ్చి చూశాడు.

కాగితంలో రాసినట్టే నవత కుర్చీలో, సారక్క పిల్లలతో పాటు చాప మీద. జాకెట్టుకు చెయ్యి ఎలా అతకాలో చూపించమన్నాడు ఆఫీసరు. మామూలుగా నవత కళ్లు మూసుకుని అతుకుతుంది. కానీ గురువు కింద కూర్చుని చూస్తుంటే, జాకెట్టు చెయ్యి తిరగేసి అతికేసింది.

"ఇప్పు," అంది సారక్క, అలవాటు కొద్దీ.

నవత విప్పింది. అంతటితో పోయేదే, కానీ ఆ మాట విన్న పదకొండు మందీ, ఎందుకైనా మంచిదని, తమ చేతుల్లోని కుట్లు కూడా విప్పడం మొదలుపెట్టారు. ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. పెద్దావిడ, నోరు ఊరుకోదని సారంగపాణి సర్దిచెప్పబోయాడు. అయితే ఆ పెద్దావిడ పది రోజుల్లో ఏం నేర్చుకుందో చూద్దామన్నాడు ఆఫీసరు.

మిషను ముందు కూర్చుంటున్న సారక్క చెవిలో, వంకరగా కుట్టమని ప్రాధేయపడ్డాడు సారంగపాణి. పిల్లల కోసం పాపం ఆమె ఒక కుట్టు వంకరగా వేసింది. దాన్ని చూసుకుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్లేడు తీసి విప్పేసి, మళ్లీ కుట్టింది. చంక దగ్గర ఒక్క ముడత లేదు.

"చేరి ఎన్ని రోజులైందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇరవై రెండేండ్లాయె సారూ, నేర్పవట్టి. నా పేరు కొట్టెయ్. పిల్లల మిషన్లు మాత్రం ఆపకు."

నవత కుర్చీ దిగి వచ్చి ఆమె వెనక చాప మీద కూర్చుంది. సారంగపాణి తన జీవితంలో మొదటిసారి ఒక గడి ఖాళీగా వదిలి ఉంటే బాగుండేదనుకున్నాడు.

ఆఫీసరు దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఒకసారి పంపిన ఫారం దిద్దడం తన చేతుల్లో లేదన్నాడు. జాబితాలో ఉన్నవాళ్ల పని పరీక్షించి పాస్ చేయడం మాత్రం తన చేతుల్లోనే ఉందట. పాసైతే సర్టిఫికెట్ వస్తుంది, అది ఉంటే ఎవరైనా శిక్షకురాలు కావచ్చు.

"ఆ పన్నెండో గడి ఖాళీగా ఉంటే నేనేం చేయలేకపోయేవాణ్ణి," అన్నాడు.

రెండు నెలలకు పది మిషన్లు దిగాయి. వెనకే సర్టిఫికెట్ వచ్చింది. సారంగపాణి దాన్ని వసారా గోడకు తగిలించాడు: సారక్క, శిక్షణ కాలం పది రోజులు, ప్రథమ శ్రేణి. ఆ పొద్దున ముత్తక్క రాగానే మిషను ముందు కూర్చుంది. ఆరు నెలలుగా ఒకే జాకెట్టు చంక చేత్తో కుట్టి విప్పుతున్న ఆ పిల్ల, గోడ మీది కాగితాన్ని రెండుసార్లు చదివి, మళ్లీ విప్పడం మొదలుపెట్టింది.