దర్జీ ఆవిడ అడిగిన ప్రశ్న

సర్వే కంపెనీలో పనిచేసే అతను ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసుకు కాకుండా దర్జీ ఆవిడ ఇంటికి బయలుదేరాడు. ఏటి మీద కొత్త వంతెన కావాలా వద్దా అని ముందురోజు ఆమెను అడిగాడు. ఆమె కుట్టుమిషను ఆపి, "కావాలి. మీరేమంటారు?" అంది.

ఏళ్ళ తరబడి గడప గడపకీ తిరిగి అందరి అభిప్రాయాలూ రాసుకున్న మనిషిని ఇంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. తన అభిప్రాయం చెప్పకూడదన్నది కంపెనీ నియమం. అందుకని నవ్వి ఊరుకున్నాడు. అప్పట్నించీ మనసు ఆ కుట్టుమిషను దగ్గరే ఉండిపోయింది.

ఆమె ఉండే మేడ మెట్ల దగ్గర కింది వాటా పెద్దావిడ ఆపింది.

"నిన్ననేగా వచ్చావు నాయనా, మళ్ళీ ఏంటి?"

"వంతెన సంగతి ఒకటి తేల్చుకోవాలండీ."

ఆవిడ వెళ్ళి ఇంటి యజమానితో, వంతెన మన వీధి మీదుగానే వేస్తారట అంది. ఆయన ఎదురింటాయనతో, ఇళ్ళు కొట్టేస్తారట అన్నాడు. సర్వే అతను పైఅంతస్తు చేరి, ఆమె తలుపు తట్టడానికి ధైర్యం చాలక నిలబడి ఉండగానే మెట్లన్నీ జనంతో నిండిపోయాయి.

"మా వాటా ఉంటుందా, పోతుందా?" ఇంటి యజమాని నిలదీశాడు.

"నాకేం తెలీదండీ."

"తెలీకుండానే రెండోసారి వచ్చావా?"

ఎవరో కంపెనీకి ఫోన్ చేశారు. మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు.

"నీకివాళ ఇక్కడేం పని?"

"జవాబులు సరిచూసుకుందామని సార్."

"అయితే అందరివీ మళ్ళీ రాసుకో. లేకపోతే వీళ్ళు మనల్ని కదలనివ్వరు."

సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చుని రాశాడు. అందరూ వెళ్ళాక తలుపు తెరుచుకుంది. ఆమె మెడలో టేపు వేలాడుతోంది.

"నన్ను అడగలేదేం?"

"నిన్న మీరే నన్నడిగారు, మీరేమంటారని. జవాబు చెబుదామని వచ్చానండీ."

"అదా? మెడ ఎంత దించాలో, చేతులు ఎంత పొడుగు పెట్టాలో రోజంతా అందర్నీ అలాగే అడుగుతానండీ. అలవాటైపోయింది."

అతని మొహం వాడిపోయింది. ఆమె అది చూసి, వచ్చి పై మెట్టు మీద కూర్చుంది.

"సరే, ఇప్పుడు నిజంగానే అడుగుతున్నా. మీరేమంటారు?"

అతనికి వంతెన గుర్తుకే రాలేదు.

"రోజూ ఇలా ఎవరైనా అడిగితే బాగుండునంటాను."

ఆమె మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంది. తర్వాత, "రేపు కూడా ఇంట్లోనే ఉంటాను" అంది.

ఆ వీధిలో ఒక్కరోజులో అందరూ మాట మార్చి వంతెన వద్దన్నారనీ, కారణం తెలియరాలేదనీ కంపెనీ నివేదిక ఇచ్చింది.