చూడకూడని చెరువు

పెద్ద అడవే అది, పేరుకి పంచాయతీ కూడా ఉంది. ప్రెసిడెంటు సింగారప్ప అనే నక్క. వేసవికి ముందే చెరువు పూడిక తీయించాల్సిన పని ఆయనది. అడవిపందులకి అప్పగించాడు. అవి దొరికిన దుంపలు తిని, గట్టు మీద ఓ కునుకు తీసి ఇళ్ళకి పోయాయి. చెరువు ఎండింది. ఇక కుర్చీ దక్కదని సింగారప్ప గుండెల్లో రాయి పడింది.

ఆ దిగులుతోనే ఫారెస్టు గెస్ట్‌హౌస్ వెనక ఎంగిలి విస్తళ్ళు నాకుతున్నాడు. వరండాలో పట్నం బాబులు ఏదో వాదించుకుంటున్నారు. క్వాంటం అట. పెట్టెలో పిల్లి ఉందట, మూత తీసి చూసేదాకా అది బతికీ ఉంటుందట, చచ్చీ ఉంటుందట. చూశాక ఒక లోకంలో బతుకుతుందట, పక్క లోకంలో చస్తుందట. ఆపైన వాళ్ళేమన్నారో సింగారప్ప వినలేదు, విస్తట్లో గారె ముక్క దొరికింది. విన్నంత చాలు ఆయనకి.

మర్నాడు సభ పెట్టి అదంతా చెప్పాడు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు గానీ, అర్థం కాలేదంటే పరువు పోతుందని అందరూ తలలూపారు. చెరువు వైపు ఎవరూ చూడకూడదని తీర్మానం అయింది. చూడనంతవరకు అది నిండే ఉంటుంది. చూసి ఎండిందంటే, ఎండగట్టింది ఆ చూసినవాళ్ళే.

అప్పట్నుంచి అడవంతా చెరువు దగ్గర కళ్ళు మూసుకుని వెనక్కి నడవడమే. ఏనుగు అలా నడిచి పంచాయతీ అరుగు మీద కూలబడింది. ఇప్పుడా అరుగు లేదు.

మంగతాయి అనే దుప్పి మాత్రం, బిడ్డ దాహంతో ఏడుస్తుంటే ఆగలేక చూసేసింది. బీటలు వారిన మట్టి. చెరువు ఎండగట్టిన నేరం దాని మీద పడింది.

"నీ ఖర్మ కాకపోతే ఈ లోకంలో చూశావేంటమ్మా? పక్క లోకంలో మంగతాయి హాయిగా తాగుతోంది" అన్నాడు సింగారప్ప.

"ఆవిడ తాగితే నా బిడ్డ దాహం తీరుతుందా అయ్యా?"

సింగారప్పకి కాస్త సిగ్గేసింది. అయినా దూరాన ఉన్న వాగు నుంచి రోజూ తనకి నీళ్ళు మోసుకురమ్మని శిక్ష వేశాడు. ఆ నీళ్ళు చల్లగా గొంతు దిగేసరికి సిగ్గు కూడా దిగిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇంటికొస్తే గుహలోంచి గురక వినిపించింది. వాసన చూస్తే పులి వాసన. కాపలా ఎలుగు బాలకోటిని పిలిచి, లోపలికి తొంగి చూడమన్నాడు.

బాలకోటి గుహకి వీపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. "చూడనంతవరకు పులి ఉన్నట్టూ, లేనట్టూ కదండీ. నేను చూసి ఉందంటే, పెట్టింది నేనే అవుతాను. పిల్లలు గలవాణ్ణి సార్."

కేకేస్తే మిగతావాళ్ళూ వచ్చారు, వచ్చి వరసగా వీపులు తిప్పి నిలబడ్డారు. ఆ తీర్మానం రద్దు చేస్తున్నానని సింగారప్ప అరిచాడు. రద్దుకి ముద్ర పడాలన్నారు. ముద్ర గుహలో ఉంది. పోనీ వదిలేసి పారిపోదామా అంటే, ముద్ర ఎవరి దగ్గరుంటే వాళ్ళే ప్రెసిడెంటు, అది అక్కడి ఆనవాయితీ. ప్రాణం కన్నా కుర్చీ తీపి కదా మరి. ఆయనా కళ్ళు మూసుకుని, వెనక్కి నడుచుకుంటూ లోపలికి పోయాడు.

గురక ఆగింది.

కాసేపటికి మంగతాయి, పక్క లోకంలో అయ్యగారు క్షేమంగానే ఉండి ఉంటారంది. అందరూ ఔనౌనన్నారు. ముద్ర గుహలోనే ఉంది కాబట్టి కొత్త ప్రెసిడెంటు ఎన్నిక కూడా అప్పుడే అయిపోయింది. ఎవరూ చూడలేదు గనక ఏకగ్రీవమే.

నీతి: చూడకుండా కూర్చుంటే చెరువు నిండదు గానీ, పులి కడుపు నిండుతుంది.