ఓడ బాత్రూంలో ఆఖరి పేపరు

పుస్తకాలు మోసుకుని ఓడ ఎక్కే ఆడదాన్ని తను ఇంతవరకూ చూడలేదని పైవాటా టీచరమ్మ కింది దర్జీతో అందట. దర్జీ ఆ మాటను ఆస్పత్రి యూనిఫారంతో పాటు చక్కగా మడిచి నర్సమ్మ చేతిలో పెట్టాడు. టీచరమ్మ అంతటితో ఊరుకోలేదట. నలభై ఆరేళ్ల వయసులో డిగ్రీ తెచ్చుకుని ఏం చేసుకుంటుంది, ఫ్రేము కట్టించి గోడకు కొట్టుకోవడానికి కాకపోతే అనీ, ఇంటిల్లిపాదీ సరదాగా తిరిగొద్దామని బయల్దేరితే ఈవిడ మొహం పుస్తకంలో పెట్టుకు కూర్చుంటుందనీ అందట. నర్సమ్మ కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంది. టీచరమ్మ చెప్పినదాంట్లో తప్పు ఒక్కటే ఉంది. నర్సమ్మ పుస్తకాలు మోసుకెళ్లడం లేదు. వాటిని చించి, కావలసిన కాగితాలు మాత్రం బట్టల మడతల్లో పెట్టుకుంది.

అలా దాచుకోవడానికి కారణం అత్తగారు. మూడేళ్ల కిందట మామగారి పుట్టినరోజున అందరూ హాల్లో ఉంటే, కోడలు సామాన్ల గదిలో దీపం వేసుకుని యూనివర్సిటీకి పంపాల్సిన వ్యాసం రాస్తూ దొరికిపోయింది. అప్పటినుంచి అత్తగారు ఆ చదువు మీద పగబట్టింది. ఆడపడుచు అమ్మానాన్నలకు, అన్నావదినలకు కలిపి ఎనిమిది రోజుల ఓడ ప్రయాణం టిక్కెట్లు పంపినప్పుడు, "ఓడలో పుస్తకం కనబడిందా, సముద్రంలోకి గిరాటేస్తాను" అని ముందే చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. ముట్టనని నర్సమ్మ మాటిచ్చింది.

మాటిచ్చిన నాలుగోరోజే యూనివర్సిటీ నుంచి తేదీ వచ్చింది. ఎనిమిదేళ్లుగా దూరవిద్యలో ఈడ్చుకొస్తున్న డిగ్రీకి మిగిలింది ఒక్క పేపరు, అంటువ్యాధుల నివారణ. రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే నమోదు గడువు తీరిపోయి ఎనిమిదేళ్ల చదువూ రద్దవుతుంది. డిగ్రీ చేతికొస్తే ఆస్పత్రిలో అదే విభాగానికి ఇన్‌ఛార్జి. రాకపోతే మోకాళ్లు అరిగేదాకా నైట్ డ్యూటీలు. పరీక్ష ప్రయాణంలో అయిదోరోజు ఉదయం పది నుంచి పన్నెండు దాకా, ఆన్‌లైన్లో. ఆ రెండు గంటలూ టాబ్ కెమెరా తెరిచి ఉండాలి, గదిలో రెండో మనిషి కనబడకూడదు, రెండో గొంతు వినబడకూడదు. వినబడితే పేపరు చెల్లదు.

వాళ్లకిచ్చిన గదిలో మనుషులు నలుగురు, కిటికీలు సున్నా. రెండు మంచాలు నేల మీద, రెండు గోడకు అలమరల్లా వేలాడుతూ. అయినా నర్సమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. అయిదోరోజు పొద్దున కడుపులో తిప్పుతోందని పడుకుంటుంది. మిగతా ముగ్గురూ ఫలహారానికి వెళ్లి అటునుంచి అటే పైడెక్కు మీదికి పోతారు, పన్నెండింటిదాకా రారు. పన్నెండూ అయిదుకి ఆమెకు కడుపు నెమ్మదిస్తుంది.

ఆ పొద్దున ఏడున్నరకి అనుకున్నట్టే పడుకుంది. మామగారు అప్పటికే లేచి బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నారు. ఆయన టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్లు. ఓడ మర్నాడు ఆగబోయే రేవులోనే ఆయన తమ్ముడు క్రేను నడుపుతూ, గొలుసు తెగి, ముప్పయ్యొకటేళ్ల కిందట పోయాడు. రేవు కూలీలే పాతిపెట్టారు. ఆ చోటు ఆయన ఇంతవరకూ చూడలేదు. టిక్కెట్లు వచ్చిన రోజున అందరూ ఈతకొలను ఎంత ఉంటుందని అడిగితే, ఆయన ఆ రేవులో ఓడ ఎంతసేపు ఆగుతుందని అడిగారు. ఆరు గంటలు. చాలన్నారు.

కడుపులో తిప్పుతోందని కోడలు అనగానే అత్తగారు ఫలహారం మాట మర్చిపోయింది. ఒక్కదాన్నే వదిలి వెళ్లడానికి తను మనిషి కాదా అంటూ గది ఊడ్చే మనిషిని పిలిచింది. మంచం దగ్గర తిప్పడంగా ఉన్న జబ్బు గుమ్మం దగ్గర వాంతి అయింది. వరండాలోని ఫోను దాకా వెళ్లేసరికి మూడు వాంతులయింది. పది నిమిషాల్లో ఓడ డాక్టరమ్మ మాస్కూ గ్లవుసులూ తొడుక్కుని, చేతిలో ఒక ఫారంతో వచ్చి నిలబడింది.

ఆ ఫారం నర్సమ్మకు తెలుసు. నాలుగో పాఠంలో అచ్చంగా అలాంటిదే ఉంది. ఒక మనిషికి వాంతులైతే ఆ మనిషిని ఒక రోజు గదిలో ఒంటరిగా ఉంచి, మిగతావాళ్లను వేరే గదిలోకి మారుస్తారు. రోజంతా ఒంటరితనం, అదీ కంపెనీ ఖర్చుతో. డాక్టరమ్మ మూడుసార్లేనా అని అడిగినప్పుడు నర్సమ్మ నోరు విప్పలేదు, తల ఊపింది. నోటితో చెప్పలేదు కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని తనకు తను సర్దిచెప్పుకుంది కూడా.

ఇక్కడ ఆమె లెక్కలోకి రాని మనిషి మొగుడు. ఆయన బస్సు డిపోలో టైంకీపరు. ఆ రోజు పదకొండింటికి స్టేజీ మీద అన్యోన్య దంపతుల పోటీ ఉంది. అందులో అన్నావదినల పేర్లు చెల్లెలు దూరం నుంచే ఎక్కించేసింది. ఆరువందల మంది ముందు డాన్సు చెయ్యాలి. పెళ్లాం పడకేసిందని ఆయన లోపల్లోపల ఊపిరి పీల్చుకునేలోపే అత్తగారు, భార్యకు బాగోకపోతే తల్లి నిలబడొచ్చట, నేను కనుక్కున్నాను, నేనొస్తాలేరా అంది. టైంకీపరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడగ్గానే ముందుకొచ్చాడు.

"నాకూ అయ్యాయండి. అయిదూ ఇరవైకి ఒకటి, ఆరూ పదికి ఒకటి."

బస్సులు వెళ్లిన టైములు చెప్పినట్టు చెప్పాడు. అలా చెబితే ఎవరైనా నమ్మాల్సిందే. నర్సమ్మ కూడా నమ్మింది. రాత్రి తిన్న చేప పడలేదు కాబోలు, పాపం అనుకుంది.

కొడుక్కీ కోడలికీ వచ్చిన జబ్బు తనకు రాకుండా పోవడం అత్తగారి ఒంటికి అలవాటు లేదు. ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఆవిడకు అంతకుముందే, అంతకంటే గట్టిగా చేసి ఉంటుంది. పైగా తను వేరే గదికి మారిపోతే కోడలు ఏం చదువుతుందో చూసేదెవరు?

"నాది లెక్కే లేదు తల్లీ. చెప్పుకుంటే బాగోదని ఊరుకున్నాను" అంది.

మామగారు మాత్రం తనకేం కాలేదని ముమ్మారు చెప్పారు. డాక్టరమ్మ రాసుకుంది గానీ, ముగ్గురు రోగులున్న గదిలో నాలుగో మనిషి బాగానే ఉన్నాడని నమ్మడానికి ఆ ఫారంలో గడి లేదు. ఒక గదిలో ముగ్గురికి వస్తే గదినే మూసేస్తారు. నలుగురూ అందులోనే, మర్నాడు ఓడ రేవులో ఆగేదాకా. తలుపుకు బయట ఎర్ర కాగితం అంటించి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి నర్సమ్మ పరిస్థితి మింగలేక కక్కలేక అన్నట్టుంది. ఒంటరిగా ఉండాలని ఆడిన నాటకానికి నలుగురు ఒకే గదిలో ఇరుక్కున్నారు. పరీక్ష ఉందని చెబితే టాబ్ సముద్రంలోకి పోతుంది. కిటికీ లేదు కాబట్టి పోదేమో గానీ, అత్తగారి నోరు మూతపడదు, పేపరు చెల్లదు. మిగిలింది ఒక్కటే చోటు.

పది నిమిషాలు తక్కువ పదికి, తువ్వాల్లో టాబ్ చుట్టుకుని, కడుపు పట్టుకుని, తనను ఎవరూ పిలవొద్దని, మాట వినబడితే తిప్పుడు ఎక్కువవుతోందని చెప్పి బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకుంది. కెమెరాకు నాలుగు గోడలూ చూపించమంటే చూపించింది. ఒక గోడకు షవరు తెర, ఒక గోడకు సబ్బు అర, ఒక గోడకు అత్తగారు ఆరేసిన లంగా. నాలుగోది తలుపు. కమోడు మూత మీద కూర్చుని, వాష్‌బేసిను అంచున టాబ్ నిలబెట్టి మొదటి ప్రశ్న చదివింది. ఓడ, హాస్టలు, జైలు వంటి మూసి ఉన్న చోట అంటువ్యాధి బయటపడితే మొదటి గంటలో ఏం చెయ్యాలి?

ఎనిమిదేళ్లలో ఆమెకు ఇంత తేలికైన ప్రశ్న రాలేదు.

పది నలభైకి తలుపు మీద మెల్లగా చప్పుడయింది. "అమ్మా, కాస్త వస్తావా" అన్నారు మామగారు గొంతు తగ్గించి. బదులిస్తే తన గొంతే, తప్పు లేదు. ఆయన మెల్లగా అన్న మాట టాబ్‌కు అందినట్టు లేదు, కానీ మళ్లీ మాట్లాడితే అది రెండో గొంతు. ఆమె తర్వాతి వాక్యం రాసుకుపోయింది. ఆయన కాసేపు నిలబడి, మళ్లీ తట్టకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. ముగ్గురు కడుపు రోగులున్న గదిలో రెండు గంటలపాటు బాత్రూం కావలసివచ్చింది ఒక్క ఆరోగ్యవంతుడికే. నర్సుకు అది ఇట్టే తట్టాల్సిన సంగతి. పరీక్ష రాస్తున్న మనిషికి తట్టలేదు.

పదకొండుంపావుకి పైకప్పులోని స్పీకరు గరగరమంది. కెప్టెన్ మాట్లాడాడు. ఓడలో కడుపు జబ్బు కేసులు నిన్నటిదాకా పదకొండు ఉండేవి, ఈ పొద్దున ఒకే గదిలో మూడు కలిసి పద్నాలుగయ్యాయి. పదమూడు దాటితే రేవుకు తెలియజెయ్యాలన్నది నియమం. తెలియజేశారు. రేవు అధికారులు రావొద్దన్నారు. రేపు ఓడ అక్కడ ఆగదు. భోజనాల దగ్గర ఎవరికి వారు వడ్డించుకునే గరిటెలన్నీ ఈ క్షణం నుంచి తీసేస్తున్నారు. అసౌకర్యానికి చింతిస్తున్నాడు.

తెర మీద ఎర్రగా వెలిగింది, రెండో గొంతు వినబడిందని. నర్సమ్మ దానివైపు చూడలేదు. పద్నాలుగులోంచి ఒకటి తీసేస్తే పదమూడు. మొగుడూ అత్తగారూ నిజంగానే పడ్డారు, వాళ్లనేం అనలేం. ఎక్కువైన ఆ ఒక్కటీ తను. తలుపు తీసి, ఫోను అందుకుని, నాకేం లేదని నాలుగు ముక్కలు చెబితే చాలు, రేవుకు మళ్లీ కబురు పెడతారు. గడియ చేతికందేంత దూరంలో ఉంది. అవతల గదిలో దగ్గు కూడా వినబడటం లేదు. ఇంకా నలభై అయిదు నిమిషాలు, మూడు ప్రశ్నలు ఉన్నాయి.

ఆమె అయిదో ప్రశ్నకు వెళ్లింది.

పన్నెండింటికి తలుపు తీసేసరికి అత్తగారు ఒక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. టైంకీపరు పై మంచం మీద మొహం మీదికి దుప్పటి లాక్కున్నాడు. మామగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమెను దాటుకుని లోపలికి వెళ్లారు.

కెప్టెన్ మాట విన్నాక ఓడలో చాలామందికి తమ కడుపు సంగతి గుర్తొచ్చింది. మధ్యాహ్నానికి ముప్పై, సాయంత్రానికి అరవై. డాక్టరమ్మ వేడినీళ్లూ బ్రెడ్డూ గుమ్మంలో పెట్టి పరిగెత్తుతోంది. ఇప్పుడు నిజం చెప్పినా యాభైతొమ్మిదవుతుందని నర్సమ్మ అనుకుంది. ఆ లెక్కతో ఆమెకు కాస్త తెరిపిగా అనిపించింది. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే మామగారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాలిష్ చేసిన బూట్లు తొడుక్కుని టీవీ ముందు కూర్చున్నారు. ఒక చానల్లో సముద్రం పటం మీద ఓడ ఎక్కడుందో చుక్కలా చూపిస్తూ ఉంటారు. ఆ చుక్క రేవు పేరు పక్కకు చేరింది.

"ఇప్పుడు ఏవైపు ఉంటుందిరా?" అని అడిగారు కొడుకుని.

టైంకీపరు ఆలోచించి బట్టల బీరువా వైపు చూపించాడు. ఆయన కుర్చీ తిప్పుకుని బీరువాకు ఎదురుగా కూర్చున్నారు. చుక్క రేవును దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దాటిందని ఆయనకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయనే చాలాసేపటికి వంగి బూట్లు విప్పుకున్నారు.

ఇంటికొచ్చిన వారానికి యూనివర్సిటీ నుంచి ఉత్తరం. పరీక్షలో రెండో గొంతు వినబడింది, తగిన ఆధారం చూపకపోతే పేపరు రద్దు. నర్సమ్మ దగ్గర ఆధారం ఉంది. ఓడ డాక్టరమ్మ సంతకం, ముద్రతో గది మూసేసిన కాగితం. కోడలికి మూడుసార్లు, కొడుక్కి అయిదూ ఇరవైకి ఒకటీ ఆరూ పదికి ఒకటీ, అత్తగారికి లెక్కలేనన్ని. వినబడింది స్పీకరులోని కెప్టెన్ గొంతని రాసి, దాన్ని జతచేసి పంపింది. అంత జబ్బులో, అటువంటి గదిలో కూర్చుని రాసినందుకు వాళ్లు జాలిపడి ఒప్పుకున్నారు. మొదటి ప్రశ్నకు జవాబు అనుభవంతో రాసినట్టుందని మెచ్చుకున్నారు కూడా. నర్సమ్మ పాసయింది.

పరీక్ష సంగతి అలా బయటపడ్డాక ఇల్లు ఎగిరిపోతుందనుకుంది ఆమె. అత్తగారు ఒక్క మాటా అనలేదు. పైగా, ఒంట్లో ప్రాణం లేకపోయినా బాత్రూంలో కూర్చుని రాసింది మా కోడలని వాటాలన్నీ తిరిగి చెప్పుకొచ్చింది. టైంకీపరు తనంతట తానే ఒక ఫ్రేము తెచ్చాడు. ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మామగారు దానివైపు చూసి, బాగుందన్నారు.

"ఆ రేవు సంగతి మనసులో పెట్టుకోకమ్మా. జబ్బు ఎవరి చేతుల్లో ఉంది? ముగ్గురికీ ఒక్కసారే రావాలని రాసిపెట్టుంది, వచ్చింది. నువ్వు ఒకటి, వాడొకటి, మీ అత్త ఒకటి. ఎవర్ననుకుంటాం?"

అన్నం తినేటప్పుడు ఆ మాటలేమిటండీ అంది అత్తగారు. పాత సంగతులెందుకు నాన్నా అన్నాడు టైంకీపరు, మంచినీళ్ల గ్లాసులోకి చూస్తూ.

"అది కాదురా. ఆ రోజు రెండు గంటలు తలుపు తియ్యలేదు, నాకు భయమేసింది. చాలా అవస్థపడ్డావు తల్లీ. అసలు ఎన్నిసార్లయింది నీకు?"

నర్సమ్మ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసింది.

"ఒక్కసారి కూడా కాలేదు, మామయ్యగారూ."