స్లాబు కోసం ప్రార్థన

ఆ ఆదివారం పొద్దున నతానియేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి బయల్దేరే ముందు ఇంటి ఓనరు బడే మియాకి ఒక్క ఫోను కొట్టాలి. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి డాబా మీద తాపీమేస్త్రి ఉండాలి. పైన మేస్త్రి చేసే చప్పుడు వింటూ కింద తాను కోడికూరతో భోంచేయాలి.

ముసురు పట్టి మూడు వారాలైంది. హాల్లో ఒక మూల స్లాబు కారుతోంది. కింద పెట్టిన స్టీలు గిన్నెలో చుక్క పడ్డప్పుడల్లా నతానియేలుకి తన హక్కులు గుర్తొస్తున్నాయి. అద్దె కట్టడం అద్దెకున్నవాడి పని, మిగిలిందంతా ఓనరు పని అన్నది అతని సిద్ధాంతం. మిగిలిందంతా అంటే నిజంగానే అంతా. భార్యతో, కూతురు బ్లెస్సీతో గవర్నర్‌పేటలోని ఆ డాబా ఇంట్లో దిగి ఎనిమిదేళ్లయింది. బల్బు మాడిపోతే ఓనరుకి ఫోను చేశాడు. తలుపు కిర్రుమంటే చేశాడు. వంటింట్లో బల్లి కనబడితే కూడా చేశాడు. డెబ్బై ఏళ్ల బడే మియా తన తాళాల కొట్టు మూసుకుని వచ్చి, బల్లిని బయటికి తోలి, టీ తాగి వెళ్లాడు. ఆ మంచితనాన్ని నతానియేలు అగ్రిమెంటులోని ఒక షరతుగా భావించాడు.

ఫోనెత్తేసరికి బడే మియా చల్లపల్లిలో మనవరాలు సిద్రా పెళ్లిలో ఉన్నాడు. వెనక జనం గోల వినపడుతోంది.

"తూముకి ఏదో అడ్డం పడుంటది బాబూ. ఒకసారి డాబా ఎక్కి చూడండి, చెత్త ఉంటే తీసేస్తే సరిపోద్ది. తగ్గకపోతే రేపు నేనొచ్చి చూస్తాను."

నతానియేలు మనసు చివుక్కుమంది. డాబా ఓనరుది, తూము ఓనరుది, వాన దేవుడిది. తన వాటాకి వచ్చేది గిన్నె ఒక్కటే, అది పెట్టేశాడు. ఇంకా ఏం చేయాలి?

"డిసెంబర్లో స్టార్ కట్టడానికి ఇదే డాబా పరిగెత్తుకుంటూ ఎక్కారుగా," అంది భార్య డయానా.

అది పండగ పనీ, ఇది రిపేరు పనీ అన్నాడతను. వెదురు బద్దలకి ప్లాస్టిక్ షీటు అంటించిన నాలుగడుగుల నక్షత్రం అది. మీద 'నతానియేలు అండ్ ఫ్యామిలీ' అని ఎర్ర అక్షరాలతో రాయించి, వీధి చివరికి కనబడేలా పిట్టగోడకి కట్టాడు. కట్టడం పండగ పనే గాని దింపడం ఎవరి పనో తేలక అది అక్కడే ఉండిపోయింది.

చర్చిలో ప్రతి ఆదివారం ప్రార్థన అంశాలు చీటీల మీద రాసి ఇస్తారు. జ్వరాలు, పరీక్షలు, ఉద్యోగాలు. నతానియేలు ముందు వరసలోకి చూశాడు. అక్కడ అంతోని కూర్చున్నాడు. బడే మియా తాళాల కొట్టు పక్కనే అంతోనికి గొడుగుల కొట్టుంది. చీటీ చదివితే అంతోని వింటాడు, అంతోని వింటే బడే మియాకి చేరుతుంది. ఈ తెలివికి తనే ముచ్చటపడి, 'మా ఇంటి స్లాబు కొరకు, ఓనరు హృదయము మెత్తబడునట్లు' అని రాసిచ్చాడు. ఓనర్ల హృదయాల గురించి చదవడం పాస్టరుగారికి ఇబ్బందిగా అనిపించి కాస్త మార్చి చదివారు. సహోదరుడు నతానియేలు గారి ఇంటి పైకప్పు ప్రమాదంలో ఉన్నదని, ఆ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకోమని అన్నారు.

స్త్రీల సమాజం పెద్ద ఆదెమ్మగారు జ్ఞాపకం చేసుకుని ఊరుకునే మనిషి కాదు. ఆమెకి ఫోనులో నూట నలభై మంది ఉన్న ప్రార్థన గ్రూపుంది. పైకప్పు ప్రమాదంలో ఉందని ఆమె అందులో పెట్టారు. పెచ్చులూడుతున్నాయని ఇంకొకరు కలిపారు. నతానియేలు కోడికూరలో రెండో ముక్క కొరికే సమయానికి, గ్రూపులో అతని ఇల్లు పూర్తిగా కూలిపోయింది.

ముందు రెండు బస్తాల బియ్యం, ఆరు చాపలు, ఒక సాంబారు బకెట్ వచ్చాయి. వాటి వెనక ఆదెమ్మగారు వచ్చారు. ఆమె వెనక సామాను మోయడానికి యువజన సంఘం వాళ్లు ట్రాలీ ఆటో తెచ్చి, గోడ పక్కన ఆనించి పెట్టారు. నిలబడే ఉన్న ఇంటిని చూసి అందరూ కొంచెం నిరాశపడ్డారు.

అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఇంతమంది తన కష్టం మీద ఇంత శ్రద్ధ పెట్టడం నతానియేలుకి కొత్త. కారేది గిన్నెడు నీళ్లని చెప్పడానికి నోరు రాలేదు. బరువుగా తలూపి, "ఇప్పటికైతే నిలబడే ఉందండి," అన్నాడు. ఆ మాటతో యువజన సంఘం పరుపులు మోయడం మొదలుపెట్టింది. డయానా భర్త వంక చూసిన చూపులో బోలెడు మాటలున్నాయి.

నాలుగింటికి కారొకటి వచ్చి ఆగింది. అంతోని ఫోను అందుకుని, పెళ్లి విందులోంచి లేచి వచ్చేశాడు బడే మియా. ఒంటి మీద షేర్వాణీ, చేతికి ఇంకా అత్తరు వాసన. ఇంటి వంక చూడనేలేదు.

"బ్లెస్సీ పాపకేం కాలేదు కదా? డయానమ్మ గారు బాగున్నారా?"

అందరూ బాగున్నారని విన్నాక అరుగు మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"తప్పు నాదే బాబూ. తూము చూడమని తేలిగ్గా అనేశాను. మనుషుల కంటే ఇల్లెక్కువ కాదు. ఇవాళే ఖాళీ చేసేయండి. దీన్ని పడగొట్టించేస్తాను."

అది న్యాయమైన మాటని ఆదెమ్మగారు అన్నారు. ఫ్రిజ్జు గుమ్మం దాటింది.

నతానియేలుకి అప్పుడు ఆ ఇంటి సుగుణాలు గుర్తొచ్చాయి. ఆఫీసు, చర్చి, పాప కాలేజీ అన్నీ నడిచి వెళ్లే దూరం. అన్నిటికంటే, బల్లికి కూడా వచ్చే ఓనరు ఈ బెజవాడలో ఇంకెక్కడ దొరుకుతాడు?

"గట్టి ఇల్లండీ ఇది," అంటూ గోడ మీద చరిచాడు. హాల్లోకి పోయి ఎగిరి దూకి చూపించాడు. పాతకాలపు స్లాబనీ, ఇంకో యాభై ఏళ్లు చెక్కుచెదరదనీ ప్రమాణం చేశాడు. ఉన్నదంతా ఒక్క గిన్నె నీళ్లేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అద్దెకున్నవాడు ఓనరు దగ్గర ఇంటిని ఇంతగా పొగడటం ఆ వీధిలో ఎవరూ వినలేదు.

బడే మియా అరుగు మీంచి లేచాడు. షేర్వాణీ అంచు ఎత్తి పట్టుకుని డాబా మెట్లెక్కబోయాడు. రెండో మెట్టు మీద మోకాలు పట్టేసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి నతానియేలుకి నిజంగా సిగ్గేసింది.

"మీరుండండి మియాగారూ, నేనెక్కుతాను," అన్నాడు.

పైన చీలమండల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. తూము దగ్గర ఏదో వెడల్పాటిది కూరుకుపోయి ఉంది. చెయ్యిపెట్టి బలంగా లాగాడు. మూడు వారాల వాన ఒక్కసారిగా తూములోంచి దూకి, కింద గోడ పక్కన పెట్టిన ట్రాలీ మీద, అందులోని అతని రెండు పరుపుల మీద, పక్కనున్న సాంబారు బకెట్‌లోనూ పడింది.

"ఏం అడ్డం పడింది బాబూ?" కింద నుంచి బడే మియా అడిగాడు.

ఆకులని చెబుదామనుకున్నాడు నతానియేలు. కానీ అప్పటికే చేతిలోది పిట్టగోడ మీదికి వచ్చేసింది. కిందున్న నలభై మందీ తలెత్తి, నాలుగడుగుల నక్షత్రం మీద ఎర్ర అక్షరాల్ని నిదానంగా చదువుకున్నారు. వీధి చివరి వాళ్లకి కూడా బాగానే కనబడింది.

బడే మియా ఏమీ అనలేదు. టీ అడిగి, తాగి, మళ్లీ చల్లపల్లి వెళ్లిపోయాడు. ఆ మౌనం భరించలేక నతానియేలు ఆ వారంలోనే తలుపు బందులకి నూనె పోశాడు, వంటింట్లో బల్బు మార్చాడు, డాబా రెండుసార్లు ఊడ్చాడు.

మరుసటి ఆదివారం అంతోని ఒక చీటీ తెచ్చి పాస్టరుగారికి ఇచ్చాడు. పక్క కొట్టు బడే మియాగారు పంపారట. ఈసారి పాస్టరుగారు ఒక్క అక్షరం మార్చకుండా చదివారు: 'మా ఇంట్లో అద్దెకున్న వారి మోకాళ్లకు డాబా ఎక్కే శక్తి ఎల్లకాలము ఉండునట్లు.'

ఆమెన్ అందరికంటే గట్టిగా నతానియేలే అన్నాడు, డయానా పక్కనే కూర్చుని ఉంది మరి.