రంగనాయకులు గారి ఊపిరి కన్నం

ఆ జిల్లాలో ప్రభుత్వోద్యోగులు రిటైరైన రోజు సాయంత్రం, దండా శాలువా అయ్యాక, హార్డ్‌డిస్కులుగా మారిపోతారు. కొందరిని ఇంటివాళ్ళు తీసుకుపోయి బీరువాలో పెట్టుకుంటారు. ఎవరూ రానివాళ్ళు స్మృతి నిల్వల శాఖలో, ‘వాడినవి’ అని రాసిన కిటికీ వెనక అరల్లో ఉంటారు. ఫారం నింపితే ఎవరికైనా ఇస్తారు.

తహసీల్దారు ఆఫీసు టైపిస్టు శేషారత్నం ఆ కిటికీ దగ్గరికి వచ్చింది భర్త గొంతు కోసం. పట్టాభి పోయి రెండేళ్ళు. ఆయన పొద్దున్నే ఆమెకు పేపరు చదివి వినిపించిన నలభై నిమిషాలు పాత ఫోనులో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మొదట "రత్నం, చదవనా?" అంటాడు. తర్వాత ఉల్లిపాయల రేటు, వానలు, ఏదో వంతెన ప్రారంభోత్సవం. ఆ ఫోను ఈ మధ్య దానంతటది ఆరిపోతోంది. ఒక్క కాపీకి మించి తట్టుకోదని పరీక్షాధికారి కొండలరావు చూడగానే చెప్పేశాడు.

ఆయనే అరలోంచి ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"రంగనాయకులు గారని, నీటిపారుదల శాఖ రికార్డు రూములో ముప్పై నాలుగేళ్ళు చేశారమ్మా. ఒక్క కాగితం పోయిందన్న ఫిర్యాదు లేదు. భార్య ముందే పోయింది, పిల్లల్లేరు."

ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు బొట్టు పెట్టడం శేషారత్నానికి అలవాటు. సంచిలోంచి కుంకుమ భరిణె తీసి వేలు ముంచింది. కొండలరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ చిన్న కన్నం మీద వద్దమ్మా. ఆయన ఊపిరి పీల్చేది అందులోంచే."

ఆమె నొచ్చుకుని, మూలగా చిన్న బొట్టు పెట్టింది.

పరీక్ష మూడు రోజులు. ముందు లోపలున్నదంతా తుడిచేస్తారు. తర్వాత అంచుదాకా చెత్త నింపి, నింపింది పొల్లుపోకుండా తిరిగి వస్తోందా అని చదివి చూస్తారు. చెత్త కోసం శాఖ ఎక్కడికీ పోనక్కర్లేదు, పాత సర్క్యులర్లున్నాయి. శేషారత్నం సెలవు పెట్టి మూడు రోజులూ బెంచీ మీదే కూర్చుంది. డిస్కు వేడెక్కినప్పుడల్లా ఫైలు అట్టతో విసిరింది. పరాయి మగమనిషికి విసరడమేమిటని ఎవరూ అనలేదు. అలాంటి వాటికి అక్కడ అభ్యంతరం లేదు.

మూడో రోజు కొండలరావు పెదవి విరిచాడు.

"అంతా బాగుందమ్మా, ఒక్కచోట తప్ప. అక్కడ ఏం రాసినా నిలవట్లేదు. కాలువ పూడికల సర్క్యులర్ రాస్తే ఇంకేదో చదువుతున్నారు."

"ఏం చదువుతున్నారండీ?"

ఆయన రిజిస్టరు తిప్పి, మామూలు గొంతుతో చదివాడు. "‘వరదా, గొళ్ళెం పెట్టుకో. నేనొచ్చేసరికి ఆలస్యమవుద్ది.’ పదకొండుసార్లు తుడిచాం. పదకొండుసార్లూ ఇదే. వరదంటే ఆయన భార్యట."

నిబంధనల ప్రకారం రంగనాయకులు ఫెయిలయ్యాడు. గట్టి తుడుపు ఒకటి వేయిస్తే ఆ మాట కూడా పోతుంది, పాసైనట్టు ముద్ర వేసి శాఖ పూచీ ఇస్తుంది. అలాగే తీసుకుపోతే పట్టాభి గొంతు ఏమైనా శాఖకు సంబంధం లేదు.

రాసిందల్లా పుచ్చుకుని, తుడిస్తే మారుమాట లేకుండా ఖాళీ అయిపోయిన భాగమంతా పాసయింది. దాన్ని చూస్తేనే శేషారత్నానికి భయం వేసింది. ఫెయిలైన ఆ కాస్త చోటు మీద మాత్రం ప్రేమ కలిగింది.

"తుడవకండి," అంది. "మా వారిని ఆ మాట పక్కనే పెట్టండి."

‘సొంత పూచీ’ అన్న చోట సంతకం పెట్టాలి. ఆ కిటికీ దగ్గర పెన్ను ఎప్పుడూ ఉండదు. ఆమె తన పెన్నుతోనే పెట్టింది.

కొండలరావు కాపీ మొదలుపెడుతూ అడిగాడు. "మీ రిటైర్మెంటు ఎప్పుడమ్మా?"

"ఇంకో ఏడు నెలలుందండి."

"ఇంట్లో ఎవరైనా...?"

"ఎవరూ లేరు."

ఆయన ‘వాడినవి’ అరల్లో చేరేవాళ్ళు నింపే ఫారం ఒకటి ఆమెకు ముందుగానే ఇచ్చాడు. ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది.

"నాక్కూడా సర్క్యులర్లేనా?"

"రూలు అదేనమ్మా."

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేముందు శేషారత్నం డిస్కు పెట్టుకుని వింటుంది. రంగనాయకులు గొళ్ళెం పెట్టుకోమంటాడు. ఆమె లేచి పెట్టి వస్తుంది. "రత్నం, చదవనా?" అంటాడు పట్టాభి. "ఊఁ, చదవండి," అంటుంది ఆమె. ఒక్కసారి కాదు, పదకొండుసార్లు, గట్టిగా, లోపల ఎక్కడో ఒకచోట దిగబడేలా.

అది దిగబడితే పరీక్ష తప్పుతానని ఆమెకు తెలుసు. అందుకే తన ఫారం నింపి, దానికి దారంతో ఒక మంచి పెన్ను కట్టి ఉంచింది. సొంత పూచీ మీద సంతకం పెట్టేవాళ్ళు ఎవరైనా వస్తే, పెన్ను లేక వెనక్కి పోకూడదు కదా.